మెత్తని జింజర్‌బ్రెడ్ కుకీలు ఆకారం చెడకుండా రావాలంటే

శొంఠి, దాల్చినచెక్క వేసి క్రిస్మస్‌కు చేసే జింజర్‌బ్రెడ్ బిస్కెట్లను మనిషి బొమ్మల్లా కోసి కాలుస్తారు. పలుచగా ఒత్తితే ఈ బొమ్మలు గట్టిపడుతున్నాయని, మెత్తగా చేయబోతే వాటి చేతులూ కాళ్లూ కలిసిపోతున్నాయని కొందరు అడుగుతుంటారు. ఏటా డిసెంబరులో విశాఖలోని మా అపార్ట్‌మెంటు పిల్లల కోసం వీటిని చేస్తుంటాను కనుక నాకు కుదిరిన పద్ధతి చెబుతాను. పిండిని మందంగా ఒత్తి, బాగా చల్లబరిచి, తక్కువసేపు కాలిస్తే ఆ రెండు ఇబ్బందులూ తీరతాయి.

కొలతలు ఇవి: మైదా 375 గ్రాములు, వెన్న 115 గ్రాములు, బ్రౌన్ షుగర్ 100 గ్రాములు, గుడ్డు ఒకటి, వంటసోడా అర టీస్పూను, శొంఠి పొడి, దాల్చినచెక్క పొడి రెండేసి టీస్పూన్లు, లవంగాల పొడి పావు టీస్పూను. ఉప్పు కలిపిన వెన్న వాడితే వేరే ఉప్పు అక్కరలేదు. సోడా పెంచితే కుకీ మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు గాని, పెరిగిన సోడా ఆకారాన్నే చెడగొడుతుంది.

అసలు మెత్తదనం వీటితోపాటు పిండిలో కలిపే మొలాసిస్‌లో ఉంది. చెరకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే ఈ నల్లని పాకంలోని గ్లూకోజు, ఫ్రక్టోజు తేమను పట్టి ఉంచుతాయి. అది దొరకనప్పుడు నేను 150 గ్రాముల నల్లబెల్లాన్ని 60 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, ఇసుక నలుసులు పోయేలా వడకట్టి, ఒక టీస్పూను నిమ్మరసం వేసి తేనెలా చిక్కబడే వరకు మరిగించి, పూర్తిగా చల్లారాక పిండిలో కలుపుతాను. తీగపాకం రానిస్తే కుకీ గట్టిపడుతుంది. నిమ్మరసం వల్ల పాకం పలుకులు కట్టదు, పైగా సోడా పనిచేయడానికి కావలసిన పులుపూ అందుతుంది.

కలిపిన ముద్దను కనీసం రెండు గంటలు, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొడిపిండి చల్లుతూ ఒత్తితే కుకీ ఎండినట్టు అవుతుంది కనుక, రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో 6 మిల్లీమీటర్ల మందాన ఒత్తడం మేలు. అచ్చుతో కోశాక బొమ్మను పైకి ఎత్తకండి. చుట్టూ ఉన్న పిండిని లాగేసి, బొమ్మలను ఆ కాగితంతో సహా పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, 175 డిగ్రీల వద్ద ముందే వేడిచేసిన ఓవెన్‌లో 8 నుంచి 10 నిమిషాలు కాల్చండి. అంచులు గట్టిపడి, పైన తడి మెరుపు పోయి, నడుమ వేలితో నొక్కితే ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీసేయాలి. ఉడకలేదేమోనన్న అనుమానంతో ఇంకో రెండు నిమిషాలు ఉంచితే మెత్తదనం పోతుంది. తీశాక ఐదు నిమిషాలు ట్రేలోనే వదిలేస్తే వేడికి అవే కుదురుకుంటాయి.

అలంకరణకు రాయల్ ఐసింగ్, అంటే ఆరాక గట్టిపడే తెల్లని చక్కెర పూత, చాలు. పిల్లలు తింటారు గనుక పచ్చి తెల్లసొనకు బదులు మెరింగ్ పౌడరు (ఎండబెట్టిన తెల్లసొనతో చేసే పొడి) వాడతాను: 240 గ్రాముల ఐసింగ్ షుగర్‌కు ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల పౌడరు కలిపి, నీళ్లు చెంచా చెంచాగా పోస్తూ గిలకొట్టాలి. అంచులు గీయడానికి చిక్కగా ఉంచి, లోపల నింపడానికి మాత్రం చాకుతో గీసిన గీత 10–15 సెకన్లలో కలిసిపోయేంత పలుచన చేయాలి. నా మటుకు నాకు ముదురు గోధుమరంగు మీద తెల్లని గీతలే అందం. రంగులన్నీ పూస్తే శొంఠి ఘాటు కన్నా తీపే మిగులుతుంది. కుకీలు పూర్తిగా చల్లారాకే ఐసింగ్ వేయండి. మా సముద్రపు గాలికి అది ఆరడానికి రాత్రంతా పడుతుంది, కాబట్టి ఫ్యాను కింద పెడతాను. బాగా ఆరాక గాలి చొరని డబ్బాలో, పొరల మధ్య బటర్ పేపరు వేసి సర్దుకోండి.