గేమ్ సరిగా ఆడటం లేదని షాపు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: ఏడాదిన్నర కిందట సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక షాపులో మా అబ్బాయికి లక్షా పది వేలతో గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించాను. 12 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు (గేము బొమ్మలను తెర మీద చూపించేది) వేస్తామని వాట్సాప్‌లో కొటేషన్ పంపారు, నాలుగేళ్లు ఢోకా లేదన్నారు. ఇప్పుడు కొత్త గేములు ఆగి ఆగి వస్తున్నాయి. అడిగితే 'కార్డు పాతబడింది సార్, కొత్తది వేసుకోండి' అంటున్నారు. మళ్లీ ఖర్చు పెట్టాల్సిందేనా? - ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: లక్ష పోసిన తండ్రికి ఆ మాట ఎంత మంటగా ఉంటుందో నాకు తెలుసు. అయినా మొదట ఒక చేదు నిజం చెప్పాలి. గేములు ఏటికేడు బరువెక్కుతున్నాయి. రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టి చూపడం) చేయగల కార్డు లేకపోతే అసలు తెరుచుకోని గేములు 2024లోనే వచ్చేశాయి. కొత్త గేము ఎక్కువ బలం అడిగినంత మాత్రాన మీ కార్డులో లోపం ఉన్నట్టు కాదు. 'ఢోకా లేదు' అన్న నోటిమాట ఒక్కదానితో కేసు నిలబడటం కష్టం.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ 12 జీబీ. 3060 పేరుతోనే 8 జీబీ కార్డు కూడా మార్కెట్లో ఉంది. దానిలో మెమరీ తగ్గడమే కాదు, మెమరీ బస్ (మెమరీకీ కార్డుకూ మధ్య డేటా నడిచే దారి) కూడా 192 బిట్ల నుంచి 128కి తగ్గింది. అందుకే గేముల్లో అది వెనకబడుతుంది. బిల్లులో ఉత్త '3060' అని రాసి ఇది బిగిస్తే మామూలు కొనుగోలుదారుకు తెలిసే దారి లేదు. ఈ రాత్రే చూడండి: టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో జీపీయూ (అంటే గ్రాఫిక్స్ కార్డే) నొక్కితే కింద డెడికేటెడ్ మెమరీ ఎంతో కనబడుతుంది.

అక్కడ 12 ఉంటే కేసు ఆలోచన మానుకోండి, డబ్బూ మనశ్శాంతీ మిగులుతాయి. వారంటీ ఇంకా ఉంటే మాత్రం కార్డు వేడెక్కి నెమ్మదిస్తోందేమో సర్వీస్ సెంటర్‌లో చూపించండి.

8 ఉంటే కార్డు పాతబడటం కాదు, మిమ్మల్ని మోసం చేశారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అది అనుచిత వ్యాపార పద్ధతి. ముందు షాపుకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు ఇచ్చి, కార్డు మార్చమనో తేడా సొమ్ము ఇమ్మనో అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ చెప్పండి, కొన్ని షాపులు అక్కడే దిగివస్తాయి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. షాపు సికింద్రాబాద్‌లో ఉన్నా మీరు ఉండే చోటే ఫిర్యాదు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లే, అందులో ఏడాదిన్నర అయిపోయింది. ఆలస్యం చేయకండి.

ఆ వాట్సాప్ కొటేషన్ మీకు బిల్లు కన్నా విలువైనది. చాట్ చెరిపేయకండి, ఫోన్ మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన ధ్రువపత్రం జతచేస్తే షాపువాళ్లు 'అది మేం పంపలేదు' అని తప్పించుకోవడం కష్టం. కార్డు మీది సీరియల్ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. అబ్బాయి ఎంత తొందరపెట్టినా కేసు తేలేదాకా ఆ కార్డు అమ్మనివ్వకండి, పరీక్షకు పంపాల్సి వస్తే కమిషన్ అడిగేది దాన్నే.