సాయంత్రం చిరాకు, తిరిగొచ్చే లంచ్ బాక్స్

ADHD (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) కోసం పొద్దున మిథైల్‌ఫెనిడేట్ మాత్ర వేసుకునే మీ బాబుకి సాయంత్రం 4 దాటగానే వచ్చే ఏడుపు, కోపం చాలావరకు ఆ మందు ప్రభావం దిగిపోతున్నప్పుడు వచ్చేవే. డోసు ఎక్కువైందనుకుని మీరే తగ్గించకండి. లంచ్ బాక్స్ ముట్టకుండా తేవడం కూడా ఆ మందు పనే, ఆకలిని చంపుతుంది.

1. మాత్రకి ముందే కడుపునిండా టిఫిన్ పెట్టండి. రాత్రికి ఆకలి తిరిగొస్తుంది, అప్పుడు ఇంకోసారి.

2. చాలామంది వదిలేసేది ఇదే: వారం రోజులు టైములు రాయండి. మాత్ర ఎన్నింటికి వేశారు, చిరాకు ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గింది, ఎన్నింటికి నిద్రపోయాడు. "సాయంత్రం విసిగిస్తున్నాడు" అంటే డాక్టర్‌కి ఏం అర్థమవుతుంది? (మేమూ రెండు నెలలు నోటిమాటతోనే నెట్టుకొచ్చాం.) ఆ కాగితం చూస్తే టైము మార్చాలో, మందు రకం మార్చాలో ఆయన తేల్చగలరు.

3. బరువు, ఎత్తు కూడా రాసిపెట్టండి.

ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, లేనివి కనిపించడం ఉంటే మాత్రం వారం ఆగొద్దు, వెంటనే చూపించండి.