లూత్రో వెళ్ళేవాళ్ళు ముందు చూడాల్సింది పడవ వేళ

గ్రీసులోని క్రీట్ ద్వీపం దక్షిణ తీరాన, లిబియా సముద్రం ఒడ్డున లూత్రో అనే చిన్న ఊరుంది. తెల్లటి ఇళ్ళు, నీలం తలుపులు, వెనక నిలువుగా లేచిన కొండ, ముందు గుర్రపు నాడా ఆకారంలో చిన్న అఖాతం. ఊళ్ళో వాహనాలు లేవు. ఆ ఊరి గురించి, చుట్టుపక్కల బీచ్‌ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మ్యాపులో లూత్రోకి రోడ్డే కనబడటం లేదు. ఏథెన్స్‌లో దిగుతాం. అక్కడి నుంచి ఎలా వెళ్ళాలి? ఒక్క రోజులో చేరగలమా?

మ్యాపులో తప్పేమీ లేదు. లూత్రోకి నిజంగానే రోడ్డు లేదు, పడవలోనో కాలినడకనో వెళ్ళాల్సిందే. ముందు క్రీట్ పశ్చిమ భాగంలో ఉన్న ఖన్యా పట్టణానికి చేరండి. ఏథెన్స్ నుంచి విమానంలో గంటలోపే. లేదంటే పిరేయస్ రేవులో రాత్రి ఓడ ఎక్కితే తెల్లారేసరికి ఖన్యా పక్కనే ఉన్న సూదా రేవులో దింపుతుంది. హెరాక్లియోన్ విమానాశ్రయానికి టికెట్ కాస్త చౌకగా దొరికినా తొందరపడొద్దు, అక్కడి నుంచి రోడ్డు ప్రయాణం దాదాపు రెట్టింపు.

ఖన్యాలో కేతేల్ బస్టాండు నుంచి ఖోరా స్ఫాకియోన్‌కు బస్సులుంటాయి. స్థానికులు ఆ ఊరిని ‘స్ఫాకియా’ అనేస్తారు. దూరం 75 కిలోమీటర్ల లోపే, ప్రయాణం రెండు గంటలకు కాస్త అటూ ఇటూ. ఇంబ్రోస్ ఊరు దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ సముద్రం దాకా దిగుతుంది. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు ముందు సీట్లో కూర్చుని, బయల్దేరే ముందే మాత్ర వేసుకోవాలి. మలుపులు మొదలయ్యాక వేసుకుంటే లాభం ఉండదు.

ఖోరా స్ఫాకియోన్ రేవులో ఫెర్రీ ఎక్కితే లూత్రో 15-20 నిమిషాలు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. విమానం ఎన్నింటికి దిగుతుందో చూస్తారు కానీ చివరి ఫెర్రీ ఎన్నింటికో చూడరు. మధ్యాహ్నం దాటాక ఖన్యాలో దిగేవాళ్ళు ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు పొద్దున్నే బయల్దేరడం మేలు. ఫెర్రీ వేళలు నెలనెలా మారతాయి. అందుకే ఫెర్రీ వేళ ముందు ఖాయం చేసుకుని, దాన్ని బట్టి బస్సు, బస్సును బట్టి విమానం చూసుకోండి.

కారు అద్దెకు తీసుకుంటే మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. కారు ఖోరా స్ఫాకియోన్‌లోనే వదలాలి. నగదు కూడా అక్కడే తీసుకోండి.

ప్రశ్న: ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేస్తే చాలదా? ఏ నెల మంచిది?

చాలదు. లూత్రో ప్రశాంతంగా ఉంటుందన్న మాట నిజమే కానీ రోజంతా కాదు. పొద్దున ఫెర్రీలు వచ్చినప్పటి నుంచి సాయంత్రం దాకా ఒడ్డు వెంట ఉన్న హోటళ్ళన్నీ పగటి సందర్శకులతో నిండిపోతాయి. సాయంత్రం ఫెర్రీ వెళ్ళిపోయాక మిగిలే ఊరే అసలు లూత్రో. కనీసం మూడు రాత్రులు ఉండండి.

మే రెండో సగం, జూన్, సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం మంచివి. మేలో నీళ్ళు చల్లగా ఉంటాయి, 20 డిగ్రీల దగ్గర. ఆగస్టులో 25 దాటుతాయి, ఆ వెచ్చదనం సెప్టెంబరులోనూ నిలుస్తుంది. ఈతే ముఖ్యమైతే సెప్టెంబరు, నడక ముఖ్యమైతే మే. ఆగస్టు 15న గ్రీసు అంతా మరియమ్మ పండుగ, దానికి అటూ ఇటూ వారం గదులు దొరకవు. నవంబరు నుంచి మార్చి దాకా లూత్రోలో చాలా బసలు మూసేసే ఉంటాయి.

ప్రశ్న: సముద్రం ఒడ్డున తవ్వితే మంచినీళ్ళు వచ్చే బీచ్ ఉందంటున్నారు. నిజమా? నడిచి వెళ్ళొచ్చా?

నిజమే. దాని పేరు గ్లికా నేరా, అంటే తీపి నీళ్ళు. పైన ఉన్న లేఫ్కా ఓరి, అంటే తెల్ల కొండలు, సున్నపురాతివి. అక్కడ కురిసిన వాన, కరిగిన మంచు రాతి పగుళ్ళలోకి ఇంకి, కొండ లోపలే ప్రవహించి, ఒడ్డున గులకరాళ్ళ కిందికి ఊటగా వస్తాయి. కొండ మొదట్లో గులకరాళ్ళు పక్కకు తీసి చెలమ తోడితే చల్లటి నీళ్ళు ఊరతాయి. మంచినీళ్ళు ఉప్పునీళ్ళ కన్నా తేలిక కాబట్టి ఈదుతుంటే పై పొర ఉన్నట్టుండి మంచులా చల్లగా తగులుతుంది, కింద కాళ్ళకు వెచ్చగా ఉంటుంది. రెండూ కలిసే చోట నీళ్ళ కింద రాళ్ళు ఎండమావిలో లాగా అలికినట్టు కనిపిస్తాయి. మీ కళ్ళద్దాల తప్పేమీ కాదు. చెలమ నీళ్ళు తాగేవాళ్ళున్నారు. అయినా జనం తొక్కే చోట తోడిన నీళ్ళను నమ్ముకోకుండా మీ సీసాలు మీరు తీసుకెళ్ళండి.

లూత్రో నుంచి తూర్పుగా నడిస్తే గంట, గంటంబావు. దారి పొడవునా ఈ-4 కాలిబాట గుర్తులు, పసుపు నలుపు పట్టీలు, కనిపిస్తాయి. నీడ మాత్రం ఎక్కడా లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, పట్టున్న బూట్లు ఉండాలి. చెప్పులతో బయల్దేరిన వాళ్ళు సగం దారిలో వెనక్కి తిరుగుతారు. పొద్దున ఎనిమిదికి ముందే బయల్దేరండి.

బీచ్ దాటి ఇంకా తూర్పుగా వెళ్తే దారి కొండచరియను తొలిచినట్టు సన్నగా సాగి, అనోపోలి వెళ్ళే రోడ్డు మలుపు దగ్గర కలుస్తుంది. అక్కడ ఒక పక్క గోడలాంటి కొండ, మరో పక్క తిన్నగా సముద్రం. కళ్ళు తిరిగేవాళ్ళు, చిన్నపిల్లలున్నవాళ్ళు ఆ ముక్క నడవొద్దు. వాన పడ్డ మర్నాడూ గాలి బలంగా ఉన్న రోజూ ఎవరూ నడవొద్దు. పైన మేకలు తిరుగుతుంటాయి, వాటి కాళ్ళ కింద రాళ్ళు జారి పడతాయి. నడవలేనివాళ్ళకు వేసవిలో లూత్రో నుంచీ ఖోరా స్ఫాకియోన్ నుంచీ చిన్న పడవలున్నాయి.

ఇంకో మాట. ఇక్కడ బట్టలు లేకుండా ఎండ కాగేవాళ్ళు ఏళ్ళ తరబడి వస్తున్నారు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు ముందే తెలుసుకుని వెళ్తే ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: మార్మరా బీచ్ ఇంతకన్నా బాగుంటుందా?

ఈత బాగా వచ్చినవాళ్ళకు బాగుంటుంది. మార్మరా అంటే చలువరాళ్ళు. నీళ్ళు నునుపు చేసిన రాతి పలకలు, వాటి కింద ఈదుకుంటూ దూరగలిగే చిన్న గుహలు ఉంటాయి. గులకరాళ్ళ ఒడ్డు మాత్రం చాలా చిన్నది. అరాదెనా లోయ సరిగ్గా ఇక్కడే సముద్రంలో కలుస్తుంది కాబట్టి, మధ్యాహ్నం లోయ దిగి వచ్చినవాళ్ళతో కిక్కిరిసిపోతుంది. మొదటి పడవకు వెళ్ళి, వాళ్ళు దిగేలోపు తిరిగి రండి. నడిస్తే లూత్రో నుంచి పడమరగా ఫీనికస్, లీకోస్ మీదుగా గంటన్నర పడుతుంది. లీకోస్ దాటాక కొన్ని చోట్ల చేతులు కూడా వాడి రాళ్ళెక్కాలి.

ఏ బీచ్‌కైనా రబ్బరు అడుగున్న నీటి బూట్లు తప్పనిసరి. ఎండకు కాలిన గులకరాళ్ళ మీద కాలు మోపలేరు, పైగా నీళ్ళలో రాళ్ళకు ‘అహినోస్’ అనే నల్లటి ముళ్ళ జీవులు అంటుకుని ఉంటాయి. ముల్లు దిగితే పిండకండి, లోపలే విరుగుతుంది. వేడి నీళ్ళలో కాలు నానబెట్టి సన్నని పట్టకారుతో లాగాలి.

ప్రశ్న: ఐదేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు కూడా వస్తున్నారు. ఇసుకలో ఆడుకునే చోటు కావాలి.

ఇసుక కావాలంటే లూత్రో కాదమ్మా. ఖోరా స్ఫాకియోన్‌కు తూర్పున 12 కిలోమీటర్ల దూరంలో ఫ్రంగోకాస్తెల్లో ఉంది. 14వ శతాబ్దంలో వెనీసువాళ్ళు కట్టిన కోట కిందే ఇసుక తీరం. నీళ్ళు చాలా దూరం మోకాలి లోతే. పాపకు అంతకన్నా మంచి చోటు ఆ తీరంలో లేదు, మీ అత్తగారికి కారు గది ముందు దాకా వస్తుంది.

లూత్రోలో ఉండాలనే అనుకుంటే గది తీసుకునేటప్పుడు ‘సముద్రం కనిపిస్తుందా’ కన్నా ముందు ‘రేవు నుంచి ఎన్ని మెట్లు’ అని అడగండి. ఊరు కొండ వాలు మీద ఉంది, వెనక వరస ఇళ్ళకు మెట్లెక్కాలి. ఫెర్రీ ముందు తలుపు పలకలా ఒడ్డు మీదికి వాలుతుంది, అలను బట్టి అది కదులుతుంటుంది. పెద్దావిడను చివర్లో, జనం దిగాక, ఇద్దరు పట్టుకుని దింపండి.

గాలి నింపిన పరుపులు, రబ్బరు చక్రాలు మాత్రం పాపకు ఇవ్వొద్దు. వేసవిలో ఉత్తరపు గాలి కొండ మీంచి సముద్రంలోకి విసురుగా దిగుతుంది. ఒడ్డు దగ్గర నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి, అదే మోసం. అల లేదు కదా అని వదిలిన పరుపు చూస్తుండగానే లోపలికి కొట్టుకుపోతుంది. అక్కడ తీరరక్షక దళం నంబరు 108, అన్నిటికీ కలిపి 112.

ప్రశ్న: మేం మాంసం, చేప, గుడ్డు తినం. అక్కడ ఏం దొరుకుతుంది?

కంగారు పడకండి, క్రీట్ వంటలో కూరగాయలదే పెద్దపీట. ‘దాకోస్’ అంటే బార్లీ రొట్టె ముక్క మీద టమాటా తురుము, మిజిత్రా జున్ను, ఆలివ్ నూనె. ‘హోర్తా’ అంటే ఉడికించి నిమ్మరసం పిండిన ఆకుకూరలు. ‘ఫావా’ మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టం. ‘బురేకి’లో ఆలుగడ్డ, గుమ్మడి జాతి కాయ, జున్ను పొరలుగా ఉంటాయి. ఈ ప్రాంతం పేరు మీదే ఉన్న స్ఫాకియా పీతా తప్పక తినండి. లోపల మిజిత్రా పెట్టి, పల్చగా వత్తి, పెనం మీద కాల్చి, పైన తేనె పోసిస్తారు. చూడ్డానికి బొబ్బట్టు తోబుట్టువులా ఉంటుంది.

జాగ్రత్త పడాల్సినవి రెండు. ‘యెమిస్తా’ అనే కూరిన టమాటాల్లో కొన్ని చోట్ల కీమా ఉంటుంది, ‘హోరిస్ క్రేఅస్’, అంటే మాంసం లేకుండానా, అని అడగండి. ఇక ‘నిస్తీసిమో’ అంటే ఉపవాసపు వంట. పాలు, గుడ్లు కూడా ఉండవు కదా అని నమ్మి తెప్పించుకుంటారు. వాళ్ళ ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్ చెల్లుతాయి!

కారం వంటల్లో ఉండదు, ‘బూకోవో’ అడిగితే ఎండుమిరప పొడి తెచ్చిస్తారు. చివర్లో చిన్న సీసాలో ఇచ్చేది నీళ్ళు కాదు, రాకీ అనే సారాయి.

ప్రశ్న: క్రితం ఏడాది గాలికి ఫెర్రీ ఆగిపోయి మా బంధువులకు విమానం తప్పిపోయింది. ముందే తెలుసుకునే వీలుందా?

రేవు అధికారులు గాలి తీవ్రతను బట్టి పడవలు ఆపేస్తారు. దీన్ని గ్రీకులో ‘అపాగోరెఫ్తికో’ అంటారు. పడవ కంపెనీతో వాదించి ఉపయోగం లేదు. ముందు రోజు గాలి అంచనాలో గాలి తీవ్రతను చెప్పే బోఫోర్ట్ అంకె చూస్తూ ఉండండి. ఏడు దాటుతోందంటే ఒక రోజు ముందే బయటపడండి. లూత్రో అఖాతం బాగా చాటున ఉంటుంది కాబట్టి ఊళ్ళో కూర్చుని చూస్తే బయటి సముద్రం సంగతి తెలియదు. ఆ చాటు కోసమే పూర్వం ఓడలు చలికాలం ఇక్కడ తలదాచుకునేవి. బైబిల్లోని అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ చేరాలనుకున్న ఫీనిక్సు రేవు ఇదేనంటారు. చేరలేకపోయింది, కొండల మీంచి విసిరిన గాలి దాన్ని మాల్టా దాకా తోసుకుపోయింది.

ఉపాయం ఒకటే, చివరి రాత్రి లూత్రోలో పెట్టుకోవద్దు, ఖన్యాలో ఉండండి. మరీ తప్పకపోతే లూత్రో వెనక కొండ మీది అనోపోలికి మెలికల బాట ఉంది. దాదాపు 600 మీటర్ల ఎత్తు ఎక్కాలి, గంటన్నర నుంచి రెండు గంటలు. పైన రోడ్డుంది, టాక్సీని పిలిపించుకోవచ్చు. భుజాన సంచి ఉన్నవాళ్ళకే ఆ దారి, చక్రాల సూట్‌కేసుతో అయ్యే పని కాదు.

ప్రశ్న: సమరియా లోయ నడక కూడా కలుపుకోవచ్చా?

కలుపుకోవచ్చు, కానీ లూత్రో నుంచి మొదలుపెట్టొద్దు. లోయ పైకొస క్సిలోస్కాలోకు ఖన్యా నుంచి తెల్లవారుజామున బస్సులున్నాయి. 16 కిలోమీటర్లు దిగితే అయియా రుమేలి, అక్కడి నుంచి సాయంత్రం ఫెర్రీలో లూత్రో. ఆ ఫెర్రీ లూత్రోలో ఆగుతుందో లేదో టికెట్ కొనేటప్పుడే అడగండి. పెద్ద సామాను ఖన్యాలో వదిలి చిన్న సంచితో నడవండి. లోయ మే నుంచి అక్టోబరు దాకా తెరుస్తారు, భారీ వానకూ తీవ్రమైన ఎండకూ మూసేస్తారు. పన్నెండు వందల మీటర్లు దిగుడే కాబట్టి దెబ్బ తినేది కాలి బొటనవేళ్ళు. ముందు రోజే గోళ్ళు తీసుకోండి.

ప్రశ్న: బాత్రూంలో కాగితం కమోడ్‌లో వేయొద్దని రాసి ఉంటుందట, ఎందుకు?

అక్కడి మురుగు గొట్టాలు సన్నవి, కాగితం ఇరుక్కుంటే పూడిపోతాయి. పక్కనున్న మూత డబ్బాలో వేయండి. నీళ్ళ గొట్టం అలవాటున్నవాళ్ళు ఒక చిన్న మగ్గు పెట్టెలో పెట్టుకుంటే సరి. అలాగే మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి గోడల్లో పట్టదు, రెండు గుండ్రటి పిన్నుల అడాప్టర్ తీసుకెళ్ళండి.