స్లయిడ్-అవుట్ గది కింద జాకీ పెట్టాలా, అల్లుడూ?

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కారు వెనక తగిలించి లాగే నీ క్యాంపింగ్ ట్రైలర్ ఫొటోలు అత్తయ్యా నేనూ కూర్చుని చూశాం. పని శుభ్రంగా చేశారు. బండి ఆగాక చోటు పెరగడానికి పక్కకి జరిపే స్లయిడ్-అవుట్ గది ఉంది కదా, దాన్ని బయటికి జరిపినప్పుడు కింద నిలబెట్టడానికి రెండు స్టెబిలైజర్ జాకీలు (బండి ఊగకుండా నేలకీ బండికీ మధ్య బిగించే కాళ్లు) కొనమని ఆటోనగర్‌లో చెప్పారన్నావు. కొనొద్దు. ఇప్పటికే కొనేసి ఉంటే గది కింద మాత్రం పెట్టొద్దు, వాటికి వేరే చోటు చెబుతాను. ఫోన్‌లో చెబితే "మామయ్య వద్దన్నాడు" అన్నంతవరకే గుర్తుంటుంది. రేపు అరకులో పక్క బండివాడు వచ్చి "గది గాల్లో వేలాడుతోంది, కింద ఏదైనా దన్ను పెట్టండి" అంటే నీకు టెన్షన్ మొదలవుతుంది. అందుకే కారణంతో సహా రాస్తున్నాను.

షిప్‌యార్డులో పనిచేసినన్నాళ్లూ, ఆ తర్వాత మెడికల్ వ్యాన్లకు బాడీలు కట్టినప్పుడూ ముందుగా చూసుకునేది ఒక్కటే: బరువు ఎక్కడ మొదలై ఎక్కడికి దిగుతోంది? నీ ఫొటోల్లో గది కింద రెండు ఇనుప చేతులు ఛాసిస్ (బండి అడుగునుండే ఇనుప చట్రం) లోంచి బయటికొచ్చి కనిపిస్తున్నాయి. టేబులు, సోఫా, సోఫా మీద కూర్చునే మనుషులు, ఆ బరువంతా ఆ చేతుల మీదుగా ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి కమాన్లకు (స్ప్రింగు పట్టీలకు), ఇరుసుకు, టైర్లకు దిగుతుంది. గదిని తయారుచేసినవాడు ఆ చేతుల మందం, పొడవు ఈ లెక్క మీదే పెట్టాడు. గది గాల్లో ఉన్నట్టు మన కంటికి కనిపిస్తుంది కానీ అది ఛాసిస్ మీదే ఉంది.

ఇప్పుడు గది బయటి అంచు కింద జాకీ పెట్టావనుకో. జాకీ నేల మీద ఉంటుంది. ట్రైలర్ బాడీ కమాన్ల మీద, గాలి నింపిన టైర్ల మీద ఉంటుంది. ఈ రెండూ ఒకేలా కదలవు. నలుగురు లోపలికి ఎక్కితే బాడీ దిగుతుంది. వంద లీటర్ల ట్యాంకు నింపితే వంద కిలోలు పెరిగినట్టే, ఇంకొంచెం దిగుతుంది. రాత్రి చలికి టైర్లలో గాలి ఒత్తిడి తగ్గుతుంది. బాడీ దిగిన ప్రతిసారీ గది లోపలి అంచు దానితోపాటు దిగాలి, బయటి అంచు మాత్రం జాకీ మీద కదలకుండా ఉండిపోతుంది. ఒక కాలు పడవలో, ఒక కాలు జెట్టీ మీద పెట్టి నిలబడినవాడి పరిస్థితే. కొద్దిపాటి తేడా వచ్చినా గది మెలి తిరుగుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఒకచోట నలిగిపోతుంది, ఇంకోచోట సందు వదులుతుంది. చేతులకున్న పళ్ళ పట్టీ మీద, దాన్ని జరిపే పళ్ళ చక్రం (పినియన్) మీద అడ్డంగా ఒత్తిడి పడుతుంది. వాటిని చేసింది గదిని ముందుకూ వెనక్కూ జరపడానికి. కింద నుంచి పైకి తోసే బలాన్ని మొయ్యడానికి కాదు.

అమెరికాలో వచ్చే ట్రైలర్లలో ష్వింటెక్ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో కింద చేతులు ఉండవు. గది పక్కగోడలకే అల్యూమినియం పళ్ళ పట్టీలు బిగిస్తారు, ఒక్కో వైపు ఒక్కో మోటారు. రెండు మోటార్లూ ఒకే జోరున నడిస్తేనే గది తిన్నగా వస్తుంది. అలాంటి గది కింద జాకీ పెట్టి ఒక మూల ఎత్తడం ఇంకా ప్రమాదం. నీ స్నేహితుడు అలాంటిది తెప్పిస్తున్నానన్నాడుగా, అతనికీ చెప్పు.

మన వైజాగ్‌కి సంబంధించి ఇంకో మాట. ఇక్కడ వాన నిలువుగా పడదు, సముద్రపు గాలికి అడ్డంగా కొడుతుంది. జాకీతో బయటి అంచు కొంచెం ఎత్తావంటే గది పైకప్పు లోపలివైపు వాలుతుంది. నీళ్లన్నీ బీడింగు దగ్గరికే వస్తాయి, బీడింగు నలిగి ఉంటే లోపలికే వస్తాయి. ఆ తర్వాత నేల ప్లైవుడ్ ఉబ్బుతుంది. ప్లైవుడ్ మెత్తబడ్డాక గది నిజంగానే కుంగుతుంది. అప్పుడు అందరూ "చూశావా, జాకీ పెట్టాల్సింది" అంటారు.

అన్నిటికంటే నేను భయపడేది మాత్రం మరుపు గురించి. తెల్లారి బయలుదేరే హడావిడిలో పిల్లల్లో ఎవరో ఒకరు స్విచ్ నొక్కుతారు. గది లోపలికి వస్తుంది, కింద జాకీ మట్టిలో దిగబడి ఉంటుంది. గది అడుగు చీరుతుంది, లేదా చెయ్యి వంగుతుంది. జాకీ అసలు లేకపోతే ఈ భయమే లేదు.

సరే, గదిలో కూర్చుంటే ఊగుతోందన్నావు. అది నిజమే, దానికి మందు ఉంది. ముందు ఊగుతున్నది ఏదో తేల్చుకో. నువ్వు బయట నిలబడి, గది అంచుకూ ట్రైలర్ గోడకూ మధ్య సందు మీద వేలు పెట్టు. వేలు ఒక పక్క గదికి, ఇంకో పక్క గోడకు తగలాలి. లోపల ఎవరినైనా సోఫాలో కూర్చుని లేవమను. సందు మారకపోతే గది గట్టిగానే ఉన్నట్టు. మొత్తం బాడీ కమాన్ల మీద ఊగుతోంది, ఆ ఊపు బయటి కొసకి ఎక్కువ తెలుస్తుంది, అంతే. నాకు తెలిసి పదింటిలో తొమ్మిదిసార్లు సంగతి ఇదే. సందు మారుతోందంటే మాత్రం రోలరు అరిగిందో, బోల్టు వదులైందో, నేల తడిసిందో చూడాలి. దాన్ని బాగుచేయించాలి గానీ జాకీ పెట్టి దాచిపెట్టకూడదు.

బాడీ ఊపు ఆపడానికే స్టెబిలైజర్ జాకీలు. వాటి చోటు ఛాసిస్ నాలుగు మూలలు. గది ఉన్న వైపు ఛాసిస్ పట్టీ కింద ఇరుసుకు ముందొకటి, వెనకొకటి అదనంగా పెట్టుకున్నా మంచిదే. ఇప్పటికే కొనేసి ఉంటే ఆ రెండింటినీ అక్కడ వాడు. జాకీ తగిలే చోట ఛాసిస్‌కు చిన్న ప్లేటు వెల్డింగ్ చేయించు, పట్టు జారకుండా ఉంటుంది. ఒక్కటి మనసులో పెట్టుకో: స్టెబిలైజర్ జాకీ బండిని ఎత్తడానికి కాదు, ఆనించి ఉంచడానికి. చేతికి బిగువు తగిలాక సగం తిప్పు తిప్పితే చాలు. దాంతో చక్రాలు నేల నుంచి లేపితే ఛాసిస్ మెలి పడుతుంది, తలుపులు సరిగా పడవు.

వరస ఇలా ఉంటుంది. ముందు అడ్డంగా సమం చెయ్యి. అది చక్రాల కింద పలకలు పెట్టి, బండి ఎక్కించి చెయ్యాలి, జాకీతో కాదు. చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టాకే కారు నుంచి విప్పు. తర్వాత ముందు కొక్కెం దగ్గరున్న జాకీతో ముందూ వెనకా సమం చెయ్యి. లోపల నేల మీద రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి చూడు, ఫోన్‌లో యాప్‌ని నమ్మకు. ఆ తర్వాత నాలుగు మూలల జాకీలు దించు. అప్పుడు గది బయటికి జరుపు, జరిపాక రసమట్టం ఇంకోసారి చూడు. వెళ్లేటప్పుడు ముందు గది లోపలికి రావాలి, తర్వాతే జాకీలు లేపాలి. కొన్ని కంపెనీల మాన్యువల్‌లో వేరే వరస ఉంటుంది, ఉంటే మాన్యువల్ చెప్పినట్టే చెయ్యి. గది జరిపేటప్పుడు బ్యాటరీ నిండుగా ఉండాలి. 12 వోల్టుల మోటారు బలహీనంగా నడిస్తే గది మధ్యలో ఆగుతుంది, వంకరగా కూడా వస్తుంది.

నేల సంగతి బాగా గమనించు. భీమిలి వైపు ఇసుకలో జాకీ పాదం దిగబడుతుంది. ఒక్కోదాని కింద మందమైన చెక్క వెయ్యి, అడుగు వెడల్పైనా ఉండాలి. అరకులో వానాకాలం ఎర్రమట్టి సాయంత్రం గట్టిగా ఉండి పొద్దుటికి మెత్తబడుతుంది. లేవగానే ఒకసారి జాకీలన్నీ చేత్తో తట్టి చూడు, వదులైనవి బిగించు.

గది కింద దన్ను ఎక్కడా ఉండదా అంటే, ఉంటుంది. గుడ్డ టెంటు పైకి లేచే మడత ట్రైలర్లలో మంచాలు రెండు కొసలకూ బయటికి లాగుతారు. వాటి కింద ఏటవాలు కడ్డీలు ఉంటాయి. ఆ కడ్డీ కింది కొస ఎక్కడ ఆనుతుందో చూడు: నేల మీద కాదు, ట్రైలర్ సొంత ఛాసిస్ మీద. బండి దిగితే మంచం, కడ్డీ కలిసే దిగుతాయి. దన్ను పెట్టే పద్ధతి అది. నీ గదిని తయారుచేసినవాళ్లే కాలు ఇచ్చి, పెట్టమని మాన్యువల్‌లో రాసి ఉంటే పెట్టు, వాళ్ల లెక్కలో అది ఉంది. రాయకపోతే వద్దు.

బండిని నెలల తరబడి ఒకేచోట ఉంచేటప్పుడు చాలామంది తప్పక జాకీ పెట్టాలంటారు. అప్పుడు కూడా ఛాసిస్ కిందే పెట్టు. అసలు వాడనప్పుడు గది లోపలికి లాగేసి ఉంచడం మేలు. తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం ఆలోచించకు, ముందు గది లోపలికి లాగు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు ఈ ఊళ్లో ఇంటి మీది రేకులు ఏమయ్యాయో నీకు తెలుసు. బయటికి చాచిన గది గాలికి తెరచాపలా దొరుకుతుంది, ఏ జాకీ దాన్ని కాపాడదు.

సముద్రం పక్క నుంచి ఇంటికి రాగానే ఆ ఇనుప చేతుల్ని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టు. ఉప్పు గాలికి తుప్పు ముందు అక్కడే పడుతుంది. పళ్ళకి మామూలు గ్రీజు పూయకు, ఇసుకంతా అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. పొడిగా ఆరిపోయే లూబ్రికెంట్ స్ప్రే దొరుకుతుంది, అది వాడు. బీడింగుని సబ్బునీళ్లతో తుడిస్తే చాలు, పెట్రోలు, డీజిలు తగలనీయకు.

ఆటోనగర్ వెళ్లినప్పుడు మేస్త్రీని రెండు విషయాలు అడుగు. గది చేతులు ఎంత బరువుకి లెక్కేశారు? ఛాసిస్‌లో చేతులు ఆనే చోట అడ్డపట్టీ ఉందా? రెండో దానికి "లేదు" అంటే బండిని అక్కడే ఉంచి నాకు ఫోన్ చెయ్యి, నేనొచ్చి చూస్తాను. అడ్డపట్టీ వేయించకుండా అరకు ఘాట్ ఎక్కించొద్దు.

ఇట్లు,
మీ మామయ్య
విశాఖపట్నం