‘అర్థం కాలేదు’ అనే ముందు

తమ్ముడూ,

నువ్వు రాసి పంపిన లైట్‌హౌస్ ఆట, బొమ్మల్లేకుండా ఆజ్ఞలు టైప్ చేస్తూ ఆడేది, పూర్తిగా ఆడాను. మొదటి స్క్రీన్ మీద “సరదాగా రాసుకున్నది, తప్పులుంటే క్షమించండి” అని పెట్టావు. ముందు అది తీసెయ్. ఆడేవాళ్ళు ఇంకా ఒక్క మాట కూడా టైప్ చెయ్యకముందే క్షమాపణ దేనికి?

వర్ణనలు బాగున్నాయి. ఉప్పు పేరుకున్న మెట్లు, తుప్పు పట్టిన గొలుసు, మసిబారిన అద్దం కళ్ళకు కట్టాయి. ఇబ్బందల్లా జవాబులతోనే. గొలుసు లాగమన్నాను. “అర్థం కాలేదు” అంది. అద్దం తుడవమన్నాను, అదే మాట. కింది గదిలో వదిలేసి వచ్చిన దీపం వెలిగించమన్నాను, మళ్ళీ అదే. లోపల జరిగింది మాత్రం మూడు రకాలు. లాగడం అనే పనే నీ ప్రోగ్రాముకు తెలియదు. తుడవడం తెలుసు గానీ అద్దాన్ని నువ్వు వస్తువుగా తయారు చెయ్యలేదు. ఇక దీపమూ తెలుసు, వెలిగించడమూ తెలుసు, కాకపోతే దీపం అక్కడ లేదు. మూడిటికీ వేరువేరు జవాబులుండాలి. “లాగడం నాకు తెలీదు” అంటే ఆటగాడు ఇంకో మాట ప్రయత్నిస్తాడు. “దీపం ఇక్కడ లేదు” అంటే వెళ్ళి తెచ్చుకుంటాడు. అన్నిటికీ ఒకటే మాట వస్తుంటే చిక్కుముడి సంగతి వదిలేసి, నీ మనసులో ఏ పదం ఉందో ఊహించే పనిలో పడతాడు. అందులో సరదా ఏమీ లేదు.

నన్నడిగితే ఈ ఆటల్లో అసలు రచన ఇక్కడే ఉంది. గది వర్ణన ఒకసారి చదివితే రెండోసారి దాటేస్తాం. ప్రయత్నం ఫలించనప్పుడు వచ్చే వాక్యాలు మాత్రం ఆట పొడుగునా ఎదురవుతూనే ఉంటాయి. గొలుసు లాగితే తలుపులేమీ తెరుచుకోనక్కర్లేదు. “గొలుసు కిర్రుమంది, కాస్త తుప్పు రాలింది” అన్నా చాలు, తను చేసింది ఆటకు తెలిసిందన్న నమ్మకం కలుగుతుంది. వర్ణనలో నువ్వు పేరెత్తిన ప్రతి వస్తువునూ ఎవరో ఒకరు ముట్టుకుంటారు. దానికో జవాబు రాయి, లేదంటే వర్ణనలోంచి తీసెయ్.

తెలుగులో ఆట రాయడం వల్ల నీకు ఇంకో తలనొప్పి ఉంది. ఈ తరహా ఆటలకు ఆద్యుడైన విల్ క్రౌథర్ 1970ల మధ్యలో పీడీపీ-10 కంప్యూటర్ మీద ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన గుహ ఆట రెండు పదాల ఆజ్ఞలే తీసుకునేది, ఒక్కో పదంలో మొదటి ఐదు అక్షరాలే చూసేది. ఇంగ్లీషులో ఆ చిట్కా నడిచింది. మనకు నడవదు. నీ ఆట గుర్తుపట్టే పదాల పట్టికలో ‘దీపం’ ఉంది. ‘దీపాన్ని వెలిగించు’ అని కొడితే అందులో ఆ నాలుగు యూనికోడ్ సంకేతాల (కంప్యూటర్ ఒక్కో అక్షరానికీ గుర్తుకూ వాడే అంకెల) వరుస ఉండదు, సున్నా పోయి దీర్ఘం వచ్చేసింది. నీ ఆట తెల్లమొహం వేసింది అందుకే. ఇలా మారే పేర్లకు రెండు రూపాలు రాసుకో: దీపం, దీపా, ఇల్లు, ఇంటి. ‘తలుపు’ లాంటివాటికి ఒకటి చాలు. చివరనున్న న్ని, ని, తో, లో లాంటివి ఊడదీసి అప్పుడు పోల్చు. క్రియ ఆఖర్న ఉంటుంది కాబట్టి వాక్యాన్ని వెనకనుంచి విడగొట్టు. ‘తాళంచెవితో తలుపు తెరువు’లో చివరిది పని, ‘తో’ ఉన్నది పనిముట్టు, మిగిలింది వస్తువు. ఈ ఒక్క విషయంలో మన పని ఇంగ్లీషువాళ్ళకంటే సుళువే. తీయి, తియ్యి, తీసుకో అన్నీ ఒకే పనికి కట్టెయ్.

కోడ్ అంతా ఇఫ్-ఎల్స్‌ల (‘ఇలా అయితే ఇది చెయ్యి, లేకపోతే అది’ అనే వరుసల) గుట్టలా ఉందని సిగ్గుపడుతున్నావు. గదులూ వస్తువులూ నెమ్మదిగా పట్టికల్లోకి మార్చుకో, మొత్తం మళ్ళీ రాయకు. ఇప్పుడున్నట్టుగానే కోడ్ కూడా అందరికీ ఇవ్వు. క్రౌథర్ ఆటను అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డాన్ వుడ్స్ అనే ప్రోగ్రామర్ చూసి, కోడ్ అడిగి తీసుకుని, 1977లో బాగా పెంచాడు. ఊరూరా తిరిగింది ఆ పెంచిన రూపమే.

ఆడేవాళ్ళను “బాగుందా?” అని అడక్కు, మొహమాటానికి బాగుందనే అంటారు. వాళ్ళు టైప్ చేసిన ప్రతి వరుసా ఒక ఫైల్‌లో, అంటే లాగ్‌లో, పడేలా చెయ్యి, ఆ సంగతి వాళ్ళకు ముందే చెప్పు. ఆట ఎక్కడ మొరాయించిందో, ఎక్కడ విసుగొచ్చి మానేశారో అందులో దొరుకుతుంది. ఎవరైనా నీ ఎదురుగా ఆడుతుంటే మాత్రం నోరు మెదపకు. ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆఖరుగా ఒకటి. తాళంచెవిని కిటికీలోంచి సముద్రంలోకి విసిరాను. నీ ఆట “సరే” అంది. ఇక ఆ తర్వాత గెలిచే దారి లేదు, ఆ ముక్క చెప్పనూ లేదు, నేను చాలాసేపు తిరుగుతూనే ఉన్నాను. పాత ఆటల్లో ఇది మామూలే గానీ ఇప్పుడెవరూ ఓర్చుకోరు. విసరనివ్వకు, లేదా ‘వెనక్కి’ అనే ఆజ్ఞ పెట్టు. ప్రతి ఆజ్ఞకూ ముందు ఆట స్థితిని కాపీ చేసి పెట్టుకుంటే సరిపోతుంది, ఇంత చిన్న ఆటకు మెమరీ గురించి టెన్షన్ అక్కర్లేదు. ముందు ఇది సరిచెయ్యి, విభక్తుల పని తర్వాత చూడొచ్చు. రెండో వెర్షన్ పంపితే ఈసారి ఉత్తరంతోపాటు నా లాగ్ ఫైల్ కూడా పంపిస్తాను.