వేడి దాటాలి, నూనె దాటకూడదు: ఊడొచ్చే గ్రిల్ ప్లేట్ల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో కరెంటు గ్రిల్ గురించి నాలుగు మాటలు రాశా కదా, దాని మీద వచ్చిన ఉత్తరాలన్నీ తిరిగి తిరిగి ఒక్క దగ్గరికే వస్తున్నాయి, కడగడం దగ్గరికి. వంట గురించి అడిగినవాళ్లు తక్కువ. నేను చాలా ఏళ్లు వంటింటి మెషీన్ల డిజైన్‌లోనే పనిచేశా కాబట్టి ఈ విషయం అంటే నాకు ప్రాణం, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: అక్కా, మా ఇంట్లో ఉన్న గ్రిల్‌కి ప్లేట్లు ఊడిరావు. పనీర్ టిక్కా చేసిన ప్రతిసారీ పెరుగు, శనగపిండి, కారం అన్నీ గాడుల్లో పట్టేసి నల్లగా మాడిపోతున్నాయి. మొన్న పనమ్మాయి మొత్తం మెషీన్ని పట్టుకెళ్లి కుళాయి కింద పెట్టబోయింది, నేను చూశాను కాబట్టి సరిపోయింది. దీన్ని ఎలా కడగాలి? కొత్తది కొంటే ఏం చూసి కొనాలి? (ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: ముందు ఉన్నదాని సంగతి చూద్దాం అమ్మా. వంట అవ్వగానే స్విచ్ ఆపేసి ప్లగ్ గోడలోంచి పీకేయండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. పావుగంట ఆగితే ప్లేటు బాగా వేడిగా కాకుండా గోరువెచ్చన కంటే కొంచెం ఎక్కువగా ఉంటుంది చూడండి, అప్పుడు మెత్తటి గుడ్డ తడిపి గట్టిగా పిండి, మడతపెట్టి లోపల పరిచి మూత వేసేయండి. పది నిమిషాల్లో ఆ చెమ్మకి మాడింది మెత్తబడుతుంది, తర్వాత చెక్క గరిటె అంచుతో గాడి వెంబడి నెడితే వచ్చేస్తుంది. కాలుతున్న ప్లేటు మీద చల్లనీళ్లు మాత్రం పోయొద్దు, ప్లేటు వంగిపోతుంది, కోటింగ్ పగుళ్లిస్తుంది, ఆ నీళ్లు పక్కసందుల్లోంచి లోపల వైర్ల దాకా పోతాయి.

ఇంకోటి, టిక్కా ముక్కలకి పట్టిన మసాలాని పెట్టేముందు కాస్త దులపండి. పెరుగులో నీరు వడగట్టి కలిపితే సగం బాధ అక్కడే పోతుంది. తేనె, పంచదార ఉన్నవి ఆఖర్లో పూయండి, ముందే పూస్తే పాకం అయి రాయిలా పడుతుంది.

మీ పనమ్మాయిదేం తప్పు లేదండీ. అంట్లు అంటే సింకులో వేసి తోమడమే కదా, ఏళ్లుగా చేస్తున్న పని అది. ఆ చేతికి తగ్గట్టు మెషీన్ లేకపోవడం డిజైన్ చేసినవాళ్ల తప్పు. అమెరికాలో 1994లో బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ పేరుతో వచ్చిన గ్రిల్ మీరు వినే ఉంటారు, వంపుగా ఉండే ప్లేటు మీంచి కొవ్వు జారి ముందున్న తొట్టిలో పడడం దాని ప్రత్యేకత, పది కోట్లకి పైగా అమ్ముడుపోయిందని చెప్తారు. అంత పేరొచ్చిన ఆ గ్రిల్‌కీ మొదట్లో ప్లేట్లు ఊడేవి కావు, గాడుల్లో గీకడానికి ఒక ప్లాస్టిక్ ముక్క ఇచ్చేవాళ్లు, ఊడొచ్చే ప్లేట్ల మోడల్స్ తర్వాతెప్పుడో వచ్చాయి.

కొత్తది కొనేటప్పుడు షాపులోనే ప్లేటు తీయించి చూడండి, ఒక్క చేత్తో రావాలి, మళ్లీ పెడితే "టక్" అని కూర్చోవాలి, కూర్చున్నాక కదిపితే లటలటా ఆడకూడదు. ప్లేటు తీశాక కింద బాడీలో చూడండి, నూనె దిగితే గుడ్డతో తుడవడానికి వీలుందా లేక అన్నీ సందులేనా అని. మీ సింకు కొలత ఇంట్లోంచి రాసుకెళ్లండి, ప్లేటు అందులో పడుకోబెట్టడానికి పట్టకపోతే ఊడొచ్చినా ఉపయోగం లేదు.

ప్రశ్న: మేడమ్, నేను మెకానికల్ ఫైనలియర్. ప్లేట్లు ఊడదీసి కడుక్కునే టేబుల్‌టాప్ గ్రిల్ మా టీమ్ ప్రాజెక్టు. ఎలిమెంట్‌ని, అంటే కరెంటుతో వేడెక్కే భాగాన్ని, ప్లేటులోనే పెట్టాలా, బాడీలో పెట్టాలా అని రెండు వారాలుగా కొట్టుకుంటున్నాం. ప్లేటు మెటీరియల్, కోటింగ్, లాక్ గురించి కూడా చెప్పండి. (ఒక విద్యార్థి, కాకినాడ)

జవాబు: బాబూ, మీరు కొట్టుకుంటున్నది సరైన చోటే. ఈ మెషీన్‌లో కష్టమంతా ప్లేటుకీ బాడీకీ మధ్య ఉన్న ఆ అతుకులోనే ఉంది. అక్కడ వేడి దాటాలి, నూనె దాటకూడదు, ప్లేటేమో రోజూ ఊడాలి. ఈ మూడూ ఒకదానికొకటి పడవు.

ఎలిమెంట్ ప్లేటులోనే పోత పోసేస్తే వేడి నేరుగా లోహంలోకి పోతుంది, తొందరగా కాగుతుంది, పచ్చి ముక్క పెట్టగానే పడిపోయిన వేడి మళ్లీ తొందరగా లేస్తుంది. ఇలా చేసే మంచి గ్రిల్స్ మార్కెట్లో ఉన్నాయి కూడా. కాకపోతే ప్లేటుకి కరెంటు పిన్నులు వస్తాయి, రోజూ నీళ్లలో మునిగే వస్తువుకి కరెంటు పిన్నులు. ఎలిమెంట్ అంటే సన్నటి నైక్రోమ్ తీగ, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, బయట లోహపు గొట్టం. ఆ పొడికి చెమ్మ పీల్చుకునే గుణం ఉంది, చివర్ల దగ్గర సీలు కాస్త దెబ్బతిన్నా తడి లోపలికెళ్లి కరెంటు లీకవడం మొదలవుతుంది. మనిళ్లలో కడిగిన గిన్నె బోర్లించి, ఆరిందో లేదో చూడకుండానే మళ్లీ పొయ్యెక్కించేస్తాం, అది మన అలవాటు, దాన్ని మార్చలేవు. పైగా ఆ ప్లేటుకి ఎర్త్ కూడా ఆ ప్లగ్గు ద్వారానే రావాలి, పిన్ను తుప్పు పడితే ఎర్త్ పోయినట్టే.

అందుకని నన్నడిగితే ఎలిమెంట్ బాడీలోనే ఉంచు, ప్లేటు వట్టి లోహపు పళ్లెంలా ఉండనీ. అప్పుడు అసలు శత్రువు గాలి. అల్యూమినియంతో పోలిస్తే గాలి వేడిని వేల రెట్లు తక్కువగా మోస్తుంది, కంటికి కనపడని సందు ఉన్నా ఎలిమెంట్ ఎర్రబడి కూర్చుంటుంది గానీ ప్లేటు కాగదు. ప్లేటు వెనక ఎలిమెంట్ వంపుకి సరిపడా గాడి పోతలోనే తీసి, ఆ గొట్టం అందులో కూర్చునేలా చెయ్యి. కింద నుంచి ఎలిమెంట్‌ని చిన్న స్ప్రింగుల మీద నిలబెడితే ప్లేటు వేసినప్పుడల్లా అదే పైకి ఆనుకుంటుంది. ఎలిమెంట్ కింద మెరిసే రేకు ఒకటి పరిస్తే కిందికి పోయే వేడి పైకి తిరుగుతుంది, ఆ రేకు మీద నూనె పడి నల్లబడిందంటే ఆ లాభం పోతుంది, కాబట్టి ఆ రేకు కూడా తుడవడానికి అందాలి.

లెక్క ఒకటి చేసి చూపిస్తా. ఒక్కో ప్లేటు కిలో అనుకో, రెండూ కలిపి 2 కిలోల అల్యూమినియం, కిలోకి డిగ్రీకి 0.9 కిలోజౌళ్లు. 30 డిగ్రీల నుంచి 200కి తేవాలంటే 170 డిగ్రీలు, అంటే 306 కిలోజౌళ్లు. 1000 వాట్ల ఎలిమెంట్ సెకనుకి ఒక కిలోజౌల్ ఇస్తుంది, అంటే ఏ నష్టమూ లేకపోయినా 5 నిమిషాలు. నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువే పడుతుంది. ప్లేటు పల్చన చేస్తే తొందరగా కాగుతుంది కదా అని మీ టీమ్‌లో ఎవరో ఒకరు అంటారు, నిజమే, కానీ ఫ్రిజ్‌లోంచి తీసిన చికెన్ పెట్టగానే చల్లబడిపోతుంది, ముక్క కాలకుండా నీళ్లూరి ఉడుకుతుంది. పోత ఇనుము వేడి బాగా పట్టి ఉంచుతుంది, కానీ బరువు, దాంట్లో వేడి అల్యూమినియంలోలాగా తొందరగా పాకదు కాబట్టి ఎలిమెంట్ మీద ఉన్నచోట మాడి అంచుల్లో పచ్చిగా ఉంటుంది. పోత అల్యూమినియమే తీసుకోండి, బరువు కిలో దాటనివ్వకండి, సబ్బు చేత్తో జారకుండా పట్టుకోగలిగేంత అది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఒకచోట పనిచేస్తున్నప్పుడు ప్లేటు బిగుతుగా కూర్చోవాలని చుట్టూ సందు లేకుండా గీశాను, చల్లగా ఉన్నప్పుడు అద్భుతంగా కూర్చుంది, అందరూ మెచ్చుకున్నారు కూడా. వేడెక్కాక ప్లేటు మధ్యలో పైకి ఉబ్బి ఎలిమెంట్ మీంచి లేచిపోయింది, లాకు ఇరుక్కుపోయి చల్లారేదాకా రాలేదు, నా మనసు చాలా బాధపడింది. అల్యూమినియం డిగ్రీకి మీటరుకి 23 మైక్రాన్లు సాగుతుంది, 280 మిల్లీమీటర్ల ప్లేటు 170 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.1 మిల్లీమీటర్ పెరుగుతుంది. చిన్నదనిపిస్తుంది గానీ దానికి చోటివ్వకపోతే ప్లేటే వంగి చోటు చేసుకుంటుంది. కాబట్టి ఒక పక్క గట్టిగా పట్టుకో, రెండో పక్క జరగడానికి వదిలెయ్యి. వెనక రెండు నాలుకలు, ముందు ఒక స్ప్రింగు బటన్, ఇది చాలు. పై ప్లేటుకి మాత్రం రెండు బటన్లు పెట్టు, అది తలకిందులుగా వేలాడుతుంది, ఒక లాకు వదిలినా రెండోది పట్టుకోవాలి, 200 డిగ్రీల ప్లేటు ఎవరి చేతి మీదా పడకూడదు. ప్లేటు లేకుండా ఎలిమెంట్ ఆన్ కాకుండా చిన్న స్విచ్చు, పై ప్లేటు కింద, కింది ప్లేటు పైన పట్టకుండా నాలుకల వెడల్పులో తేడా, ఇవి కూడా పెట్టు.

నూనె సంగతి. ప్లేటు అంచు బాడీ లోపలికి దిగితే నూనె దాని వెంటే లోపలికి దిగుతుంది, మన ఇంటి చూరు చూడు, గోడ దాటి బయటికి ఉంటుంది కాబట్టే వాననీళ్లు గోడ మీద పడవు, అలా ప్లేటు అంచు బాడీ అంచు మీదికి వచ్చి కిందికి వంగాలి. నూనె జారే వైపు బటన్ పెట్టకు, స్ప్రింగులో నూనె పడి మాడితే కొన్నాళ్లకి బటన్ కదలదు. గట్ల మధ్య గాడి అడుగు మూలలు చతురస్రంగా ఉండకూడదు, గుండ్రంగా, 3 మిల్లీమీటర్లకి తగ్గని వంపు ఉండాలి, వెడల్పు స్పాంజితో సహా వేలు దూరేంత ఉండాలి. షాపులో సన్నటి గాడులు దగ్గర దగ్గరగా ఉంటే అందంగా కనపడతాయి, ఇంట్లో వాటిని తోమేవాళ్ల గోళ్లు అరుగుతాయి.

కోటింగ్. టెఫ్లాన్ అనే పీటీఎఫ్ఈ 1938లో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్ గ్యాసుల మీద పనిచేస్తుంటే అనుకోకుండా దొరికింది, సిలిండర్‌లో గ్యాసు ఉండాల్సిన చోట తెల్లటి పొడి కనపడింది. దానికి ఏదీ అంటుకోదు, కానీ 260 డిగ్రీలు దాటించి వాడకూడదు. వేడి చూసి కరెంటు ఆపే థర్మోస్టాట్ 230 దగ్గర కట్ అయ్యేలా పెట్టుకున్నా కట్ అయ్యాక కూడా వేడి కొంచెం పైకి పోతుంది, ఆ జాగా ఉంచుకో, థర్మోస్టాట్ పాడైతే ఆపేయడానికి విడిగా ఒక థర్మల్ ఫ్యూజు తప్పనిసరి. సిరామిక్ కోటింగ్ ఇంకా ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది గానీ అంటుకోని గుణం తొందరగా పోతుంది. ఏదైనా సరే స్టీలు పీచు ముందు నిలబడదు, మనిళ్లలో స్టీలు పీచు పడకుండా ఉండదు. అందుకే ఒక ప్లేటు గాడులతో, ఇంకోటి చదునుగా ఇవ్వండి, చదునుదాని మీద పెసరట్టు కూడా వస్తుంది, తోమడమూ తేలిక.

భద్రత కోసం మన దేశంలో ఐఎస్ 302 అనే ప్రమాణం ఉంది, అంతర్జాతీయంగా గ్రిల్స్‌కి, టోస్టర్లకి ఐఈసీ 60335లో 2-9 భాగం. డ్రాయింగ్ మొదలెట్టకముందే చదవండి, అయిపోయాక చదివితే మళ్లీ మొదటి నుంచి గీయాల్సొస్తుంది.

మీ రిపోర్టులో వేడి గ్రాఫులు ఎలాగూ ఉంటాయి, దాంతోపాటు ఈ పరీక్ష కూడా పెట్టండి. శనగపిండి, పెరుగు, పసుపు, కారం, నూనె కలిపి ప్లేటంతా పూసి 200 డిగ్రీల దగ్గర పది నిమిషాలు మాడ్చండి, చల్లారాక ఇంట్లో రోజూ అంట్లు తోమేవాళ్ల చేతికివ్వండి, మీరేం చెప్పకండి, గడియారం పెట్టి చూడండి. ప్లేటు ఎలా తీశారు, ఎక్కడ వేలు పెట్టి ఆగిపోయారు, దేంతో రుద్దారు, అన్నీ రాసుకోండి. అలా 50 సార్లు చెయ్యండి.

ప్రశ్న: 2000 వాట్ల గ్రిల్ కొన్నా, మిక్సీ పెట్టే ప్లగ్గులో పెడితే ప్లగ్గు వేడెక్కుతోంది. పెద్ద పిన్ను చిన్న దాంట్లో పట్టడానికి అడాప్టర్ వాడుతున్నా. పర్లేదా? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: ఇవాళే ఆపేయండి సార్. మిక్సీ సాకెట్ 6 ఆంపియర్లది, 230 వోల్టుల దగ్గర 1380 వాట్ల దాకానే. 2000 వాట్లంటే 8.7 ఆంపియర్లు, గోడలో వైరు కూడా వేడెక్కుతూ ఉంటుంది. గీజర్‌కి వాడే 16 ఆంపియర్ల పవర్ సాకెట్లోనే పెట్టండి, వంటింట్లో లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సరైన వైరుతో వేయించండి. వచ్చినవాడితో ఎర్త్ కూడా చెక్ చేయించండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, లేకపోతే అది కూడా పెట్టించండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. గ్రిల్ ప్లేట్లు డిష్‌వాషర్‌లో వేస్తే వెనకవైపు బూడిద రంగుకి తిరిగి, ముట్టుకుంటే చేతికి నల్లగా అంటుతోంది. వంట చేసుకోవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: వెనకవైపు కోటింగ్ లేని అల్యూమినియం అయ్యుంటుంది అమ్మా, డిష్‌వాషర్ డిటర్జెంట్‌లో క్షారం ఎక్కువ, అది అల్యూమినియం పైపొరని తినేస్తుంది, మిగిలిన పొడే మీ చేతికి అంటేది. ముక్క తగిలే ముందువైపు కోటింగ్ బాగుంటే వంట చేసుకోండి, అది కూడా లేచిపోతుంటే ప్లేట్లు మార్చండి, చాలా కంపెనీలు ప్లేట్లు విడిగా అమ్ముతాయి. ఇకమీదట గోరువెచ్చని నీళ్లు, మామూలు గిన్నెల సబ్బు, మెత్తటి స్పాంజి, రెండు నిమిషాల పని. నల్లగా వచ్చిన వెనకవైపుని నిమ్మచెక్కతో రుద్ది కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి.