శిక్షణకి బయల్దేరే ముందు

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లాంటి రక్షిత ప్రాంతాల నిర్వహణ మీద శిక్షణకి నిన్ను ఎంపిక చేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఏ పుస్తకాలు చదివి వెళ్ళాలని అడిగావట. పుస్తకాలు వాళ్ళే ఇస్తారు. నువ్వు మీ అడవిలో నీకు నిద్ర పట్టనివ్వని సమస్య ఒకటి పట్టుకెళ్ళు. దానికి సంబంధించిన మ్యాపు, మూడేళ్ళ గస్తీ రికార్డులు, బడ్జెట్ కాగితాలు, ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో ఆ లెక్కా సంచిలో పెట్టుకో. ప్రతి క్లాసులోనూ ఆ సమస్యనే ముందు పెట్టి అడుగు. విసిగించినా ఫర్వాలేదు.

నేను మొదటిసారి ఖాళీ చేతులతో వెళ్ళాను. అడుగుజాడలు గుర్తుపట్టడం, ట్రాన్సెక్టు, అంటే ముందే గీసుకున్న దారి, వెంట నడిచి జంతువుల్ని లెక్కించడం బాగానే నేర్చుకున్నాను. తిరిగొచ్చి, ఎండలు ముదరకముందే ఫైర్ లైన్ల (మంటలు పాకకుండా గడ్డీ ఆకులూ తీసేసే పట్టీల) డబ్బుని అన్ని బీట్లకీ, అంటే ఒక్కో గార్డు చూసుకునే అడవి భాగానికీ, సమానంగా పంచాను. ఎవరూ నొచ్చుకోలేదు. ఒక వాలు మీద అడవి మాత్రం కాలింది. కొత్త గడ్డి మొలవాలని పశువుల కాపర్లు ఎండుగడ్డికి నిప్పు పెట్టే వాలు అది. "అక్కడ ఏటా అంటుకుంటుంది కదా సార్" అన్నాడొక పాత వాచర్. రిజిస్టర్‌లోనూ ఉంది. నేను తెరిచి చూడలేదు, అంతే.

రక్షిత ప్రాంతాల సిబ్బందికి ఏమేం వచ్చి ఉండాలో ప్రకృతి సంరక్షణకి పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2016లో ఒక పెద్ద జాబితా తెచ్చింది. క్షేత్ర సిబ్బంది నుంచి పై అధికారి దాకా నాలుగు స్థాయిలుగా ఉంటుంది. నీ స్థాయి తీసుకుని, రానివాటి కింద పెన్సిల్‌తో గీతలు పెట్టు. జీవశాస్త్రం దగ్గరకన్నా డబ్బు, చట్టం, మనుషుల దగ్గరే ఎక్కువ గీతలు పడతాయని నా అనుమానం. వేట కేసు కోర్టులో వీగిపోయేది జంతువు గురించి మనకి తెలియక కాదు, పంచనామా సరిగ్గా రాయక. చట్టం క్లాసు బోరుగా ఉంటుంది, ఎగ్గొట్టకు.

రక్షిత ప్రాంతం నిర్వహణ ఎంత బాగా సాగుతోందో కొలిచే మెట్ అనే ప్రశ్నావళి తప్పకుండా నేర్పుతారు. ప్రపంచ బ్యాంకు, వన్యప్రాణి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కలిసి తెచ్చింది. ప్రతి ప్రశ్నకీ సున్నా నుంచి మూడు దాకా మార్కులు. చాలామంది మేనేజర్లు ఆఫీసులో ఒక్కళ్ళే కూర్చుని గంటలో నింపేస్తారు, మార్కులు కూడా బాగానే వస్తాయి! నువ్వు మాత్రం గార్డుల్ని, ఊళ్ళవాళ్ళని కూర్చోబెట్టి నింపు. ఒకే ప్రశ్నకి నువ్వు మూడు వేస్తే గార్డు ఒకటి వేస్తాడు. ఆ తేడా ఎందుకొచ్చిందో అడిగితే అసలు విషయం బయటికొస్తుంది. మొత్తం మార్కులకన్నా పక్కనున్న వ్యాఖ్యల గడి, తర్వాత ఏం చేయాలనే గడీ ముఖ్యం.

స్మార్ట్ సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. గార్డులు గస్తీలో ఫోన్‌లో నమోదు చేసిన వివరాలతో, వాళ్ళు తిరిగిన దారులు మ్యాపు మీద కనిపిస్తాయి. నెలకోసారి ఆ మ్యాపుని గార్డులకి చూపించి, వచ్చే నెల ఎటు తిరగాలో వాళ్ళతోనే తేల్చాలి. లేకపోతే మన మీద నిఘా పెట్టారనుకుంటారు. అలా అనుకున్నవాడు ఫోన్ చార్జింగ్ అయిపోయిందంటాడు.

రక్షిత ప్రాంతమంటే మనుషుల్ని బయటికి పంపడమే అనుకునే రోజుల్లో మేం ఉద్యోగాల్లో చేరాం. ఐయూసీఎన్ వర్గీకరణ ప్రకారం మొదటి రకంలో రాకపోకలకి గట్టి కట్టడి, ఆరో రకంలో అక్కడి వనరుల్ని జాగ్రత్తగా వాడుకోవడానికి చోటుంది. మీది ఏ రకమో, అక్కడివాళ్ళకి ఏ హక్కులున్నాయో వెళ్ళేలోపే తెలుసుకో. ఊరి మీటింగ్ ఎలా నడపాలో నేర్పడానికి క్లాసులో నాటకంలా వేషాలు వేయిస్తారు. అందరూ నవ్వుతారు. నువ్వు అధికారి వేషం వద్దని, పశువులు పోగొట్టుకున్న రైతు వేషం అడుగు. నాకు ఆ అవకాశం వచ్చినప్పుడు ఐదు నిమిషాల్లో నిజంగానే కోపం వచ్చేసింది.

తిరిగొచ్చేసరికి టేబుల్ మీద ఫైళ్ళు గుట్టగా ఉంటాయి. ఉండనీ. మొదటి వారంలోనే రెండు పూటలు గార్డులతో గడిపి, నువ్వు తీసుకెళ్ళిన సమస్యకి ఏం అనుకున్నావో వాళ్ళకి చెప్పు, వాళ్ళు కొట్టేసినవి కొట్టేయనివ్వు. మిగిలింది నాలుగు పేజీలకి మించకుండా రాసిపెట్టు. రేపు నిన్ను బదిలీ చేస్తే నీ తర్వాత వచ్చేవాళ్ళు రెండొందల పేజీలు చదవరు. నేను రాసింది ఎవరూ చదవలేదు.

ఫీల్డుకి కొత్త బూట్లు వేసుకోకు, పాతవే నయం. బయల్దేరే తేదీ ఖాయమయ్యాక ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య